రామానుజన్‌కి దుప్పటి కప్పినవాళ్ళు

డిసెంబర్ 22 వస్తే మన కాలేజీలో ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. జాతీయ గణిత దినోత్సవం. ఆడిటోరియం ముందు ఫ్లెక్సీ, దండ వేసిన ఫోటో, క్విజ్, ఒక గెస్ట్ లెక్చర్, చివర్లో సమోసా, టీ. లెక్చర్‌లో ఎప్పుడూ అదే కథ. పేద కుర్రాడు, పుట్టు మేధావి, కేంబ్రిడ్జి, 1729, చిన్న వయసులో చనిపోవడం. చప్పట్లు. అయిపోయింది.

ఆ కథలో తప్పేం లేదు. కానీ పోయిన సెలవుల్లో రాబర్ట్ కనిగెల్ రాసిన రామానుజన్ జీవితచరిత్ర చదివాక నాకు లెక్కలకంటే వేరే సంగతి ఎక్కువ గుర్తుండిపోయింది. ఈ మనిషి ఎంత ఒంటరిగా బతికాడో కదా అని. అంత ఒంటరితనంలో కూడా, అంతకుముందు ముక్కూ మొహం తెలియనివాళ్ళు మధ్యమధ్యలో వచ్చి ఏదో చిన్న పని చేసి వెళ్ళిపోయారు. ఒకాయన పలక పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఒకాయన మంచం మీద దుప్పటి సర్దాడు. ఒకాయన తిండి పంపాడు. ఒకాయన స్విచ్ లాగాడు. థీటా ఫంక్షన్ల గురించి రాసేంత లెక్కలు నాకు రావు, నేను సీఎస్‌ఈ సెకండియర్ మాత్రమే. తిండి, దుప్పటి సంగతులైతే రాయగలను.

ఇంకో మాట. రామానుజన్‌ని నేను 'అతను' అనే రాస్తాను. 'ఆయన' అనడం మర్యాదే, కాదనను. కానీ ఈ కథలో చాలాభాగం అతనికి మన సీనియర్ల వయసే. 'ఆయన' అనగానే మళ్ళీ ఫ్లెక్సీ మీదకి వెళ్ళిపోతాడు.

1887 డిసెంబర్ 22న ఈరోడ్‌లో అమ్మమ్మగారింట్లో పుట్టాడు. పెరిగింది కుంభకోణంలో. నాన్న బట్టల కొట్లో గుమాస్తా, అమ్మ కోమలత్తమ్మాళ్ గుళ్ళో భజనలు పాడేది. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని పలక మీద లెక్కలు చేసుకునేవాడు. కాగితం కొనే స్తోమత లేదు. బలపంతో రాయడం, మోచేత్తో చెరిపేయడం, మళ్ళీ రాయడం. గుడ్డతో చెరిపితే ఆలస్యమని మోచెయ్యి వాడేవాడట.

హైస్కూల్లో చివరి రోజుల్లో జి.ఎస్. కార్ అనే ఆయన రాసిన పుస్తకం ఒకటి చేతికొచ్చింది. పరీక్షలకి తయారయ్యేవాళ్ళకోసం రాసిన గైడు లాంటిది. దాదాపు 5000 ఫార్ములాలు, ప్రూఫులు పెద్దగా లేవు. అక్కడినుంచి మిగతా సబ్జెక్టులన్నీ మూలపడ్డాయి. 1904లో కుంభకోణం గవర్నమెంట్ కాలేజీలో స్కాలర్‌షిప్‌తో చేరాడు, లెక్కలు తప్ప ఇంకేదీ చదవకపోవడంతో ఆ స్కాలర్‌షిప్ పోయింది.

1905లో ఇంట్లో చెప్పకుండా పారిపోయాడు. ఎక్కడికో తెలుసా? మన విశాఖపట్నానికి. పదిహేడేళ్ళవాడు, ఫీజు కట్టలేని ఇంటివాడు, భాష రాని ఊళ్ళో. తప్పిపోయిన కుర్రాడని హిందూ పత్రికలో వార్త కూడా వచ్చింది. చివరికి ఇంటికి చేరాడు. ఈ సంగతి చదివినప్పుడు వైజాగ్ నుంచి వచ్చిన మా రూమ్మేట్‌కి చూపించాను. వాడు చాలాసేపు పుస్తకం అలాగే పట్టుకుని, ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరో ఒకరు అన్నం పెట్టే ఉంటార్రా అన్నాడు. నాకూ అలాగే నమ్మాలనిపించింది.

తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరాడు. ఎఫ్.ఏ. పరీక్ష 1906లో ఒకసారి, 1907లో ఒకసారి తప్పాడు. లెక్కల్లో తిరుగులేదు, మిగతావి పోయాయి. శరీరశాస్త్రం పేపరంటే అతనికి అస్సలు గిట్టేది కాదు. మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌లాగ్స్ క్లియర్ కాలేదు. డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే ఉద్యోగం లేదు. 1909 జులైలో పెళ్ళి చేశారు. అమ్మాయి పేరు జానకి, వయసు పదేళ్ళు. ఆ కాలం అలాంటిది.

ఈ కొన్నేళ్ళ గురించి గెస్ట్ లెక్చర్లలో ఒక్క వాక్యంలో దాటేస్తారు, కష్టాలు పడ్డాడు అని. నాకు మాత్రం ఇక్కడే ఆగాలనిపిస్తుంది. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఫ్రెండ్స్ అందరూ చదువులు పూర్తి చేసి ఉద్యోగాల్లో కుదురుకుంటున్నారు. ఇతను ట్యూషన్లు చెబుదామన్నా పిల్లలకి అర్థం కాకుండా సిలబస్ దాటి ఎక్కడికో వెళ్ళిపోయేవాడు. బుర్రలో ఉన్నది వినడానికి ఊళ్ళో ఒక్క మనిషి లేడు. ఒంటరితనం అంటే పక్కన ఎవరూ లేకపోవడం అనుకుంటాం. ఇతని పక్కన అమ్మ, నాన్న, తమ్ముళ్ళు, పెళ్ళాం అందరూ ఉన్నారు.

1910 జనవరిలో హైడ్రోసీల్ ఆపరేషన్ కావాల్సి వచ్చింది. ఇంట్లో డబ్బుల్లేవు. కుప్పుస్వామి అనే డాక్టరు ఫీజు తీసుకోకుండా చేశాడు. ఆయనకి ఈ కుర్రాడి నోటుబుక్కుల సంగతి తెలియాల్సిన పనే లేదు. నొప్పితో ఉన్నాడు, డబ్బు లేదు, అంతే.

ఆ రోజుల్లోనే మద్రాసులో ఒకసారి జబ్బు చేస్తే, పాత క్లాస్‌మేట్ రాధాకృష్ణ అయ్యర్ గదికి వెళ్ళాడు. అతను డాక్టరుకి చూపించి, ఇంటికి పంపడానికి రైలెక్కించాడు. రైలు కదిలేముందు రామానుజన్ తన నోటుబుక్కులు అతని చేతిలో పెట్టి, నేను చచ్చిపోతే వీటిని ఫలానా ప్రొఫెసర్లకి ఇవ్వమని చెప్పాడు. ఇవాళ ప్రపంచమంతా పేజీ పేజీ తిరగేసే ఆ నోటుబుక్కులు ఒకప్పుడు ఒక ఫ్రెండ్ గదిలో భద్రంగా ఉన్నాయన్నమాట.

1910 చివర్లో ఉద్యోగం కోసం తిరుక్కోయిలూర్ వెళ్ళి డిప్యూటీ కలెక్టర్ వి. రామస్వామి అయ్యర్‌ని కలిశాడు. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పెట్టింది ఆయనే. గుమాస్తా పని అడగడానికి వచ్చిన కుర్రాడి నోటుబుక్కు చూసి, వీణ్ణి నా ఆఫీసులో కింది గుమాస్తాగా పడేస్తే పాపం చేసినట్టే అనుకున్నాడు. ఉద్యోగం ఇవ్వలేదు, ఉత్తరాలు రాసిచ్చి మద్రాసు పంపాడు. ఉద్యోగం ఇవ్వకపోవడం కూడా మేలవుతుందని నేనెక్కడా చదవలేదు.

ఆ ఉత్తరాలు చేతులు మారుతూ అతన్ని నెల్లూరు తీసుకొచ్చాయి. నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు. ఆయనకీ లెక్కల మీద ఇష్టం ఉంది. మాసిన బట్టలు, గీయని గడ్డం, చంకలో చిరిగిన నోటుబుక్కు, పొట్టిగా లావుగా ఉన్న కుర్రాడు. కలెక్టరుగారికి మొదట నమ్మకం కుదరలేదు. మోసగాడేమో అన్న అనుమానం కూడా వచ్చింది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పంపించేశాడు. చివరికి ఒకసారి తీరిగ్గా కూర్చుని విన్నాడు. రామానుజన్ తేలికైన వాటినుంచి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పైకి తీసుకెళ్ళాడు. కొంత దూరం వెళ్ళాక ఆయనకి అర్థం కావడం మానేసింది, కానీ ఇతను మామూలు మనిషి కాదని మాత్రం అర్థమైంది. నీకేం కావాలని అడిగితే, తిండికి సరిపడా ఉంటే చాలు, పని చేసుకుంటాను అన్నాడట. ఆ తర్వాత నెలనెలా 25 రూపాయలు తన జేబులోంచి పంపాడు ఆ కలెక్టర్.

ఆ దానం మీద ఎక్కువ రోజులు ఉండటం రామానుజన్‌కి ఇష్టం లేకపోయింది. 1912 మార్చి 1న మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌లో 30 రూపాయల గుమాస్తాగా చేరాడు. అక్కడ పైఅధికారి ఎస్. నారాయణ అయ్యర్. పగలు ఆఫీసు, రాత్రి ఆయనింట్లో ఇద్దరూ చెరొక పలక పట్టుకుని లెక్కలు. నారాయణ అయ్యర్ కూడా లెక్కల మనిషే, కానీ రామానుజన్ రెండు మెట్లలో తేల్చేసేది ఆయనకి అందేది కాదు. నాకే అర్థం కాకపోతే బయటివాళ్ళకి ఎలా అర్థమవుతుంది, ఇంకో నాలుగు మెట్లు రాయి అని ఓపిగ్గా అడిగేవాడు. మన కోడ్‌కి కామెంట్స్ రాయమని వెంటపడే సీనియర్ లాగా. ఇంగ్లండ్ వెళ్ళేటప్పుడు ఇద్దరూ పలకలు మార్చుకున్నారు. రామానుజన్ పలక అయ్యర్ దగ్గర ఉండిపోయింది.

అన్నేళ్ళ తర్వాత ఎదురుగా కూర్చుని వినే మనిషి దొరికాడు. ఆ సాయంత్రాలు లేకపోతే 1913 జనవరి 16న హార్డీకి ఉత్తరం రాసే ధైర్యం వచ్చేదా అని నాకు అనుమానం.

హార్డీ కథ మీకందరికీ తెలుసు కాబట్టి పరిగెత్తిస్తాను. అంతకుముందే ఇద్దరు కేంబ్రిడ్జి ప్రొఫెసర్ల దగ్గర పని కాలేదు. హార్డీ మాత్రం ఆ కాగితాలు తీసుకుని లిటిల్‌వుడ్‌తో కూర్చున్నాడు, ఇవి నిజం కాకపోతే ఇలాంటివి ఊహించే శక్తి ఎవరికీ ఉండదని తేల్చుకున్నాడు. మద్రాసు యూనివర్సిటీ నెలకి 75 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చింది. 1914 మొదట్లో నెవిల్ అనే కుర్ర లెక్చరర్ మద్రాసు వచ్చి, స్నేహంగా మాట్లాడి, ఒప్పించాడు. మార్చి 17న నెవాసా ఓడ ఎక్కాడు. అంతకుముందే అమ్మనీ భార్యనీ ఊరికి పంపేశాడు, పిలక కత్తిరించుకుని క్రాఫు చేయించుకోవడం వాళ్ళు చూడకూడదని. జానకి తనూ వస్తానంది. వద్దన్నారు.

కేంబ్రిడ్జిలో మొదటి రెండు నెలలూ నెవిల్ దంపతుల ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత కాలేజీ గదులకి మారాడు. ఆగస్టులో ప్రపంచ యుద్ధం మొదలైంది. కుర్రాళ్ళంతా సైన్యంలోకి పోయారు, కాలేజీ ఆవరణలో గాయపడ్డ సైనికులకి ఆసుపత్రి పెట్టారు. ఇండియా నుంచి ఉత్తరాలు, సరుకులు రావడం కష్టమైపోయింది. అతను శాకాహారి. మెస్‌లో కూరగాయలు కూడా ఏ కొవ్వులో వేయించారో అన్న అనుమానం. దాంతో గదిలోనే స్టవ్ మీద వండుకునేవాడు, అదీ వేళాపాళా లేకుండా. లెక్కల్లో పడితే ముప్పై గంటలు ఏకబిగిన మేలుకుని, తర్వాత ఇరవై గంటలు నిద్రపోవడం లాంటివి. హాస్టల్లో ఉన్నవాళ్ళకి ఇది వింతగా అనిపించదు. కాకపోతే పక్కగదివాడు తలుపు కొట్టి మ్యాగీ తింటావా అని అడుగుతాడు మనకి.

ఇప్పుడు దుప్పటి సంగతి. ఆ చలికాలంలో ఒకరోజు పి.సి. మహలనోబిస్ అతని గదికి వెళ్ళాడు. తర్వాత కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిసే, అప్పటికి అక్కడ చదువుకుంటున్న కుర్రాడు. రామానుజన్ మంటకి బాగా దగ్గరగా జరిగి కూర్చున్నాడు. రాత్రిళ్ళు వెచ్చగా ఉంటోందా అని అడిగితే, లేదు, ఓవర్‌కోటు వేసుకుని శాలువా చుట్టుకుని పడుకుంటున్నానని చెప్పాడు. దుప్పట్లు లేవేమోనని మహలనోబిస్ పడకగదిలోకి వెళ్ళి చూశాడు. దుప్పట్లు బోలెడున్నాయి. ఇంగ్లీషువాళ్ళ పద్ధతిలో పరుపు కింద గట్టిగా దోపి, పైన కవరు పరిచి ఉన్నాయి. వాటిని లాగి, మధ్యలోకి దూరి పడుకోవాలని ఇతనికి తెలియదు. రోజూ ఆ కవరు మీదే పడుకుంటున్నాడు. మహలనోబిస్ దుప్పటి తీసి ఎలా పడుకోవాలో చూపించాడు.

ఇది చదివినప్పుడు మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. దుప్పట్లు అక్కడే ఉన్నాయి, అతని ఒంటికి అంగుళం కింద. అడిగితే ఎవరైనా చెప్పేవాళ్ళే. కానీ దుప్పటి ఎలా కప్పుకోవాలి అని ఎవర్ని అడుగుతాం? ఫస్టియర్‌లో నాకూ ఇలాంటి ప్రశ్నలు చాలా ఉండేవి. అడిగితే నవ్వుతారేమోనని అడగలేదు. మహలనోబిస్ గొప్పతనం ఏంటంటే, అతను చెప్పేదాకా ఆగలేదు, తనే అడిగాడు. అడిగి ఊరుకోలేదు, లేచి లోపలికెళ్ళి చూశాడు.

సున్నితం మరీ ఎక్కువ అతనికి. ఒకసారి చటర్జీ అనే స్నేహితుడినీ, అతను పెళ్ళిచేసుకోబోయే అమ్మాయినీ, ఇంకొకరినీ భోజనానికి పిలిచాడు. తనే వండాడు. చారు పోశాడు, బావుందన్నారు. రెండోసారి పోశాడు, తాగారు. మూడోసారి అమ్మాయిలు చాలన్నారు. కాసేపటికి చూస్తే గదిలో రామానుజన్ లేడు. ఎంతసేపు చూసినా రాలేదు. కొన్ని రోజుల తర్వాత ఆక్స్‌ఫర్డ్ నుంచి టెలిగ్రాం వచ్చింది, ఐదు పౌండ్లు పంపమని. తన వంట వద్దన్నారని బాధ కలిగి ఉన్నపళంగా వెళ్ళిపోయాడట. మన ఇళ్ళల్లో మారు వడ్డించుకోకపోతే అమ్మమ్మలు అలుగుతారు చూడండి, అదే. కాకపోతే అమ్మమ్మ ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిపోదు. అతనికి ఆ రోజు ఆ ముగ్గురూ భోజనానికి రావడం ఎంత పెద్ద సంగతో వచ్చినవాళ్ళకి తెలిసుండదు.

హార్డీ రోజూ కలిసేవాడు, ఇద్దరూ కలిసి గొప్ప పని చేశారు. కానీ హార్డీ కూడా బిడియస్తుడు. సొంత విషయాలు అడగడం ఆయన పద్ధతి కాదు. ఎంతగా అంటే, ఇండియాలో ఉండగా ఏయే పుస్తకాలు చదివావని కూడా అడగలేదు, అడిగి ఉండాల్సిందని తర్వాతెప్పుడో బాధపడ్డాడు. ఇక ఇంటినుంచి ఉత్తరాలు తగ్గిపోయాయి. జానకి రాసినవి అత్తగారు అందనివ్వలేదు. అటువి ఇటు రాలేదు, ఇటువి అటు పోలేదు. మధ్యలో ఉన్నదేమో అతను ప్రాణంగా చూసుకునే అమ్మ. కోమలత్తమ్మాళ్‌ని విలన్ చేయడం తేలికే. కొడుకుని చదివించడానికి ఆవిడ పడ్డ పాట్లు చదివితే అంత తేలిగ్గా చేయలేం. కానీ ఈ ఒక్క పని మాత్రం నేను క్షమించలేకపోయాను.

1917లో జబ్బుపడ్డాడు. క్షయ అన్నారు. (అది క్షయ కాదు, పాత అమీబియాసిస్ వల్ల కాలేయానికొచ్చిన జబ్బు అయ్యుంటుందని 1994లో ఒక పరిశోధకుడు రికార్డులన్నీ పరిశీలించి రాశాడు. అదే నిజమైతే ఆ కాలానికే మందు ఉంది.) ఒక శానటోరియం తర్వాత ఇంకొకటి. ఆ రోజుల్లో క్షయకి వైద్యమంటే చల్లగాలిలో ఉంచడం. కిటికీలు బార్లా తీసిన గదులు. చలికి వణికే మనిషిని తీసుకెళ్ళి అందులో పెట్టారు.

1918 మొదట్లో ఒకరోజు లండన్ అండర్‌గ్రౌండ్ స్టేషన్‌లో అతను పట్టాల మీదకి దూకాడు. స్టేషన్‌లో ఉన్న గార్డు చూశాడు. చూసి స్విచ్ లాగాడు. రైలు అతనికి కొన్ని అడుగుల దూరంలో ఆగింది. మోకాళ్ళ కింద దెబ్బలు తగిలాయి, అంతే.

అప్పట్లో అది నేరం. పోలీసులు స్కాట్లాండ్ యార్డ్‌కి తీసుకెళ్ళారు. హార్డీ పరిగెత్తుకొచ్చి, ఈయన రాయల్ సొసైటీ ఫెలో, ఈయన్ని మీరు అరెస్టు చేయడం కుదరదు అని బుకాయించాడు. అప్పటికి రామానుజన్ ఫెలో కాలేదు. వాళ్ళు విచారించి, మనిషి గొప్పవాడేనని తెలుసుకుని వదిలేశారు. ఆ మేలో నిజంగానే ఫెలో అయ్యాడు, అక్టోబర్‌లో ట్రినిటీ ఫెలో కూడా. మాక్ థీటా ఫంక్షన్లు, పోగొట్టుకున్న నోటుబుక్కు అని అందరూ చెప్పే ఆ పేజీలు, అవన్నీ దీని తర్వాతే. రామానుజన్ జీవితంలోకి వచ్చినవాళ్ళలో హార్డీకి ఎంత చోటుందో ఆ గార్డుకీ అంతే ఉండాలి. ఆ గార్డు పేరు ఏ లెక్చర్‌లోనూ రాదు. ఆయన చూసింది గణిత మేధావిని కాదు, పట్టాల మీద ఒక మనిషిని.

ఆ తర్వాతి వేసవిలో జరిగిన సంగతి ఇంజనీరింగ్ కాలేజీ పత్రికలో తప్పకుండా రావాలి. ఎ.ఎస్. రామలింగం అని ఒక మద్రాసు కుర్రాడు, ఇంజనీరు, ఇంగ్లండ్‌కి ఉత్తరాన జారో అనే ఊళ్ళో పనిచేసేవాడు. 1914లో రామానుజన్ ఇంగ్లండ్‌లో దిగిన కొత్తలో లండన్‌లో ఒకసారి కలిశాడు, పరిచయం అంతవరకే. యుద్ధం వల్ల రేషన్ వచ్చిందని, ఈ మనిషి ఏం తింటున్నాడో అని ఉత్తరం రాశాడు. తనకి ఇంటినుంచి వచ్చే తిండి సామానులోంచి పంపాడు. అంతటితో ఆగలేదు. 1918 జూన్‌లో మ్యాట్లాక్‌లో ఉన్న శానటోరియంకి వెళ్ళి మూడు రోజులు ఉన్నాడు. చిక్కిపోయిన మనిషిని చూసి, ఏం తింటున్నాడు, ఏం తినడం లేదు, వంటవాళ్ళు ఏం చేస్తున్నారు, బరువెంత తగ్గింది, అన్నీ వివరంగా పెద్ద ఉత్తరంలో హార్డీకి రాశాడు. హార్డీకి లెక్కలన్నీ తెలుసు, ఇవి తెలియవు.

రామలింగం గణితానికి చేసిందేం లేదు. అన్నం తిన్నావా అని అడిగాడు. మన భాషలో పలకరింపే అది. మా హాస్టల్ రాత్రి వాచ్‌మన్ తాత గేటు తీస్తూ ప్రతివాడినీ అదే అడుగుతాడు, తిన్నావా బాబూ అని. సమాధానం కోసం నిజంగానే ఆగుతాడు. సెమ్ పరీక్షల రోజుల్లో కొన్నిసార్లు ఆ రోజు మొత్తం మీద నాతో ఎవరైనా మాట్లాడిన మాట అదొక్కటే.

ఇప్పుడు 1729. హార్డీ పట్నీలో ఉన్న నర్సింగ్ హోంకి ట్యాక్సీలో వెళ్ళాడు. నంబరు 1729, పెద్ద విశేషం లేని నంబరు అన్నాడు. కాదు, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగలిగిన అతి చిన్న సంఖ్య అన్నాడు రామానుజన్. ఒకటి, పన్నెండుల ఘనాలు కలిపితే 1729, తొమ్మిది, పదుల ఘనాలు కలిపినా 1729. ఫస్టియర్ ల్యాబ్‌లో మనందరం దీనికి నాలుగు ఫర్ లూపులు రాసినవాళ్ళమే. అందరూ ఇందులో మేధస్సు చూస్తారు. నాకు ఆసుపత్రి గదిలోకి అడుగుపెట్టిన హార్డీ కనిపిస్తాడు. ఎలా ఉన్నావని అడగడం చేతకాని మనిషి, మంచం పక్కన ఏం మాట్లాడాలో తోచక, ట్యాక్సీ నంబరు గురించి మాట్లాడాడు. మంచం మీద ఉన్నవాడికి అది బాగా అర్థమై, ఆ మాటని కింద పడనివ్వకుండా అందుకున్నాడు.

1918 డిసెంబర్‌లో మద్రాసు యూనివర్సిటీ అతనికి ఏడాదికి 250 పౌండ్లు ఇస్తామంది. జబ్బుతో ఉండగానే వాళ్ళకి ఉత్తరం రాశాడు. అందులో 50 పౌండ్లు మా అమ్మానాన్నలకి ఇవ్వండి, నా ఖర్చులు పోను మిగిలింది పేద పిల్లల, అనాథల ఫీజులకీ పుస్తకాలకీ వాడండి అని. స్కాలర్‌షిప్ పోగొట్టుకుని విశాఖపట్నం పారిపోయిన కుర్రాడు రాసిన ఉత్తరం అది.

మార్చి 27న బొంబాయిలో ఓడ దిగాడు. అమ్మా తమ్ముడూ వచ్చారు. జానకి ఏదని అడిగాడు. తర్వాత జానకి వచ్చింది. పెళ్ళయి పదేళ్ళయినా ఇద్దరూ కాపురం అంటూ చేసింది ఆ ఒక్క ఏడాదే. రాత్రిళ్ళు ఒంటికి వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టేది. నిన్ను తీసుకెళ్ళి ఉంటే నాకీ జబ్బు వచ్చేది కాదు అనేవాడట. మద్రాసు చెట్‌పేట్‌లో వాళ్ళున్న ఇల్లు తాటికొండ నంబెరుమాళ్ చెట్టిది. మద్రాస్ హైకోర్టు కట్టిన కాంట్రాక్టరు. (సివిల్ బ్రాంచివాళ్ళు గమనించగలరు.) అద్దె తీసుకోలేదు. 1920 ఏప్రిల్ 26న రామానుజన్ చనిపోయాడు. 32 ఏళ్ళు. సముద్రం దాటినవాడని చుట్టాల్లో చాలామంది అంత్యక్రియలకి రాలేదు.

జానకికి అప్పుడు 21. యూనివర్సిటీ నెలకి 20 రూపాయల పెన్షన్ ఇచ్చింది. అన్నయ్య దగ్గర బొంబాయిలో కొన్నేళ్ళుండి కుట్టుపని నేర్చుకుంది. మద్రాసు తిరిగొచ్చి ట్రిప్లికేన్‌లో బట్టలు కుడుతూ బతికింది. తెలిసినావిడ ఒకామె హఠాత్తుగా చనిపోతే, ఆమె పిల్లాణ్ణి తెచ్చుకుని పెంచి పెద్ద చేసింది.

1936లో ఎస్. చంద్రశేఖర్, తర్వాత నోబెల్ తీసుకున్న ఆయనే, రామానుజన్ ఫోటో కోసం వెతుక్కుంటూ ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. హార్డీ తన పుస్తకంలో వేయడానికి అడిగాడు. జానకి దగ్గర అతని పాస్‌పోర్టు ఉంది. ఇండియా తిరిగి రావడానికి తీయించుకున్న ఫోటో అందులో ఉంది. మన ఫ్లెక్సీ మీద ఏటా చూసే ఆ ఫోటో అదే.

1981లో ఒక పత్రికవాళ్ళు వస్తే జానకమ్మ ఒక్క మాట చెప్పింది. అప్పుడెప్పుడో విగ్రహం పెడతామన్నారు, విగ్రహం ఏది అని. ఆ మాట ఎక్కడో అమెరికాలో ఉన్న రిచర్డ్ ఆస్కీ అనే గణిత ప్రొఫెసర్ కంటపడింది. పాల్ గ్రాన్‌లండ్ అనే శిల్పికి చెప్పాడు. రకరకాల దేశాల గణితంవాళ్ళు వందమందికి పైగా తలో కొంత వేసుకున్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా రామానుజన్‌ని చూసినవాళ్ళు కాదు. శిల్పి ఆ పాస్‌పోర్టు ఫోటో ఎదురుగా పెట్టుకుని కంచుతో తల, భుజాలు చేశాడు. వాటిలో ఒకటి ఓడమీదో విమానంలోనో మద్రాసు వచ్చి జానకమ్మ ఇంటికి చేరింది. అప్పటికి ఆవిడకి ఎనభై అయిదు దాటాయి. ఇంకో తొమ్మిదేళ్ళు, 1994 ఏప్రిల్ దాకా, ఆ ఇంట్లో అది ఆవిడ దగ్గరే ఉంది.